తెలుగు నోట జపాన్ మాట

అమీర్‌పేటలో దొరకని చదువు లేదంటారు. మైత్రీవనం నుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ దాకా మేడల గోడలు కనపడనివ్వకుండా బోర్డులు వేలాడుతుంటాయి. జావా, పైథాన్, ఒరాకిల్, టెస్టింగ్, స్పోకెన్ ఇంగ్లీష్, జర్మన్. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో అనంతపురంలోనో బస్సెక్కి వచ్చిన పిల్లలు ఇక్కడి హాస్టల్ గదుల్లో సర్దుకుని, కొన్ని నెలల్లో ఒక కొత్త పదజాలాన్ని నోటికి తెచ్చుకుని వెళ్తారు. బతుకుతెరువు కోసం మాటలు నేర్చుకునే పేట ఇది.

ఇక్కడినుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ దాటితే పంజాగుట్ట. ఈ రెండింటి మధ్య సందుల్లో సాయంత్రం వేళ నడిస్తే ఇంకో పాఠం కూడా చెవిన పడుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, స్కూలు ఆవరణలో, డాబా మీద తెల్లని దుస్తులు, రంగు బెల్టులు కట్టుకున్న పిల్లలు వరసగా నిలబడి ఉంటారు. మాస్టర్ అంకె చెబుతాడు, పిల్లలందరూ ఒకే గొంతుతో అందుకుంటారు: ఇచ్, ని, సన్, శి, గొ, రొక్, శిచ్, హచ్, క్యూ, జూ. అంకెకొక పిడికిలి గాలిలోకి దూసుకుపోతుంది. పదో అంకెకు పొట్టలోంచి ఒక కేక. ఏ ఉద్యోగానికీ అక్కరకు రాని ఈ పరాయి మాటల్ని ఆ పిల్లలు ఎంత ఇష్టంగా పలుకుతారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఆ ఇష్టానికి తగిన పాఠం మనం వాళ్లకు ఇస్తున్నామా అన్నదే ఇక్కడ నా ప్రశ్న.

విద్య ఎక్కడినుంచి వస్తే మాట అక్కడినుంచే వస్తుంది. హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. పాతబస్తీ తాలీంఖానాల్లో కుస్తీ నేర్చిన పహిల్వాన్లు ఉస్తాద్, దంగల్, అఖాడా అన్న మాటలతోనే ఆ విద్యను అందుకున్నారు. ఉత్తరాంధ్ర గరిడీల్లో సాము నేర్చినవాళ్లకు వాళ్ల పలుకుబడి వాళ్లకుంది. సంగీతం నేర్చే పిల్ల సరిగమల్ని సరిగమలుగానే నేర్చుకుంటుంది. మాటను మార్చేస్తే విద్యలో పట్టు కొంత జారిపోతుందని గురువులకు తెలుసు. అందుకే కరాటేలోనూ జూడోలోనూ ప్రపంచమంతా జపాన్ మాటల్నే అట్టిపెట్టుకుంది. పంజాగుట్టలో నేర్చిన పిల్లవాడు రేపు బ్రెజిల్‌లోనో ఫ్రాన్స్‌లోనో వరసలో నిలబడినా ‘హజిమె’ అంటే మొదలుపెడతాడు, ‘యమె’ అంటే ఆగుతాడు. దుబాసీ అక్కర్లేదు.

ఈ మాటలు మన దాకా వచ్చిన దారి పెద్దదే. కనో జిగొరో టోక్యోలో కోదోకన్ అనే శిక్షణశాల పెట్టి జూడోకు రూపం ఇచ్చింది 1882లో. ఒకినావా దీవినుంచి ఫునకొశి గిచిన్ టోక్యోకు వచ్చి కరాటేను ప్రదర్శించింది 1922లో. ఆ విద్య పేరును ఏ లిపిచిహ్నాలతో రాయాలన్నది 1936లో ఒకినావా గురువులు నాహా నగరంలో సమావేశమై ఒప్పుకున్నారు. పేరు ఎలా రాయాలన్న దానికోసం పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారంటే, రాత వాళ్లకు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఆ లోపే, 1929లో, తకగకి శిన్జో అనే జూడో గురువు రవీంద్రుడి శాంతినికేతన్‌కు వచ్చి పాఠాలు చెప్పాడు. మన ఊళ్లకు ఈ గాలి బలంగా వీచింది మాత్రం 1980లలో. సుమన్, భానుచందర్ తెరమీద కాళ్లు విసిరిన రోజులవి. 1984లో ‘మెరుపు దాడి’ చూసి బయటికొచ్చిన కుర్రాళ్లు మర్నాడే మాస్టర్ కోసం వెతికారు. అప్పటినుంచి కరాటే మన వీధి విద్యల్లో ఒకటైపోయింది.

విద్య నిలదొక్కుకుంది. మాట మాత్రం దారి తప్పింది. తప్పు పిల్లలది కాదు, మాస్టర్లదీ కాదు. మాట వచ్చిన దారిలో ఉంది చిక్కు. జపాన్ మాట మన చెవికి నేరుగా రాలేదు. ముందు ఇంగ్లీషు అక్షరాల్లోకి మారి, ఇంగ్లీషువాళ్లు చదివిన తీరులో చదువుకుని, ఆ తర్వాత మన నోటికి వచ్చింది. బెల్ట్ టెస్టుకు ముందు పిల్లల చేతికిచ్చే జిరాక్స్ కాగితం చూడండి. అందులో మాటలన్నీ ఇంగ్లీషు లిపిలోనే ఉంటాయి. తలకు పైన కాచుకునే ఒక పద్ధతి పేరు ‘అగె ఉకె’. ఆ కాగితం పట్టుకుని మా మేనల్లుడు ఒక సాయంత్రం నా దగ్గరికొచ్చాడు.

“మామయ్యా, ఇది ‘ఏజ్ యూక్’ కదా?”

“ఎవరు చెప్పార్రా?”

“ఎవరూ చెప్పలే. స్పెల్లింగ్ అట్లనే ఉంది.”

స్పెల్లింగ్ నిజంగానే అట్లా ఉంది. ఇంగ్లీషులో వయసు అన్న మాటకూ దానికీ అక్షరాల్లో తేడా లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లవాడు ఇంకెలా చదువుతాడు? నేను కాగితం వెనక తెలుగులో ‘అగె ఉకె’ అని రాసిచ్చాను. వాడు ఒక్కసారి చదివి, సరిగ్గా పలికి, వెళ్లిపోయాడు. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. తెలుగు లిపికి ఆ శక్తి ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ శక్తి గురించే.

జపాన్ భాషలో అచ్చులు ఐదు: అ, ఇ, ఉ, ఎ, ఒ. ఐదింటికీ దీర్ఘాలున్నాయి. మన అచ్చుల్లోంచి ఋకారాన్నీ ఐ, ఔలనూ పక్కనపెడితే మిగిలేవి కూడా అవే, వాటి దీర్ఘాలతో సహా. ఈ పోలిక అన్ని భారతీయ భాషలకూ లేదు. హిందీ లిపిలో హ్రస్వ ఎకారానికీ హ్రస్వ ఒకారానికీ మామూలు అక్షరాలు లేవు. నెల, నేల వేరని, కొన, కోన వేరని, మెడ, మేడ వేరని తెలుగు పిల్లకు ఒకటో తరగతిలోనే తెలుసు. జపాన్ పిల్లకూ అలాగే తెలుసు. అక్కడ ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మో నానమ్మో. ఒక్క దీర్ఘంతో తరం మారిపోతుంది.

ఇప్పుడు మన బోర్డుల మీది మాటలు చూద్దాం. కరాటే అని మనం రాసే మాట జపాన్‌లో ‘కరతె’. మూడూ హ్రస్వాలే. చివరిది ‘వచ్చె’, ‘పోయె’ అన్నప్పటి ఎకారం. మరి మనకు ‘రా’ దీర్ఘం ఎక్కడిది? ఇంగ్లీషులో ప్రతి మాటలోనూ ఏదో ఒకచోట ఊనిక పడాలి. వాళ్లు ఈ మాటలో నడిమి అక్షరాన్ని ఊది పలికారు. ఆ ఊనికను మన చెవి దీర్ఘంగా విన్నది. జపాన్ భాషలో అలాంటి ఊనిక లేదు, స్వరం కొంచెం పైకీ కిందికీ కదులుతుందంతే. మన భాషలోనూ ఇంగ్లీషు తరహా ఊనిక లేదు. ఊనిక లేని భాషనుంచి ఊనిక లేని భాషకు రావలసిన మాట, మధ్యలో ఊనిక ఉన్న భాష గుండా వచ్చి రూపం మార్చుకుంది.

‘శోతోకన్’లో మొదటి రెండూ దీర్ఘాలు, చివరిది హ్రస్వం. మనవాళ్లు ‘షోటోకాన్’ అని చివరిదాన్నీ సాగదీస్తారు. మొదటి డిగ్రీ బ్లాక్ బెల్టును ‘శొదన్’ అంటారు. అందులో శొ హ్రస్వం. ఇంగ్లీషు రాతలో రెండు మాటలూ ఒకే అక్షరాలతో మొదలవుతాయి కాబట్టి పిల్లలు రెంటినీ ఒకేలా పలుకుతారు. తెలుగులో రాస్తే ఆ గందరగోళానికి తావే లేదు. చేతి అంచుతో కాచుకునే ‘శుతో ఉకె’ను ‘షూటో’ అంటారు. హ్రస్వం దీర్ఘమైంది, తకారం టకారమైంది. గురువును పిలిచే మాట ‘సెన్సే’. అది ‘సెన్సాయ్’ అయింది. ఇంగ్లీషు రాతలో ఎకారం పక్కన ఇకారం కనపడ్డా జపాన్ నోట అది చాలా మాటల్లో ఒకే దీర్ఘం. వంగి నమస్కరించడం ‘రే’. తొలి పాఠాలుగా నేర్పే ఐదు ‘కత’లు, అంటే వరస కదలికల కూర్పులు, ‘హేఅన్’. కట్టుకునే దుస్తుల్లో ఉన్నది ‘గి’, జి కాదు.

హల్లుల్లో మనకున్న అనుకూలం ఇంకా పెద్దది. ఇంగ్లీషువాళ్ల తకారం మన చెవికి టకారంగా వినపడుతుంది, దకారం డకారంగా. అందుకే మనకు కరాటే, జూడో, డోజో వచ్చాయి. జపాన్‌వాళ్ల నాలుక పైపళ్ల దగ్గరే ఆడుతుంది, మన త, ద లకు అతి దగ్గరగా. వాళ్ల నోట అవి కరతె, జూదో, దోజో. శ, ష, స మూడూ వేరని మనకు చిన్నప్పుడు బడిలో నేర్పారు. జపాన్ ‘శి’ మన తాలవ్య శకారం. నాలుగు అన్న అంకెను ‘షి’ అని కాక ‘శి’ అని పలికి చూడండి, నాలుక తన చోటు తానే వెతుక్కుంటుంది.

అన్నిటికన్నా నాకు అబ్బురం దంత్య చకారం. పిడికిలి పోటుకు కరాటేలో ఉన్న మాటను ఇంగ్లీషులో మొదట రెండు హల్లుల తంటాతో రాస్తారు. చాలామంది విదేశీయులు మొదటి హల్లును వదిలేసి ‘సుకి’ అంటారు. జపాన్‌లో ‘సుకి’ అంటే ఇష్టం. మన పిల్లలూ అలాగే అంటున్నారు, ఇంగ్లీషు అక్షరాలు చూసి. కానీ ‘చుక్క’ అనండి, ‘చుట్టం’ అనండి, ‘చలి’ అనండి. నాలుక కొస పళ్లను తాకి వదిలిన ఆ చప్పుడే జపాన్ చప్పుడు. దాన్ని వేరుగా చూపడానికి మన లిపిలో ౘ అన్న గుర్తు కూడా ఉంది. ఆ మాట ‘ౘుకి’. ‘జుట్టు’, ‘జొన్న’లలోని దంత్య జకారానికి ౙ ఉంది. అదీ ఇక్కడ పనికొస్తుంది. ఇంకో వింత చూడండి. ఇ, ఎలతో కూడితే చకారం తాలవ్యం, అ, ఉ, ఒలతో కూడితే దంత్యం అని తెలుగు మాటలకు మన వ్యాకరణం చెబుతుంది. చీమ, చెట్టు ఒక తీరు, చలి, చుక్క ఇంకో తీరు. జపాన్ తకార గుణింతంలోనూ ఇకారం దగ్గర తాలవ్య ‘చి’, ఉకారం దగ్గర దంత్య ‘ౘు’ వస్తాయి. ఎవరూ నేర్పకుండానే తెలుగు నాలుకకు ఆ తేడా తెలుసు.

కొలత సంగతికొద్దాం. జపాన్ మాటను కొలిచేది మాత్రతో. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. ద్విత్వం ముందున్న అక్షరానికి ఒక మాత్ర ఎక్కువ. పొల్లు నకారానికి తనదే అయిన ఒక మాత్ర. హైకూలో ఐదు, ఏడు, ఐదు అని లెక్కించేది ఈ మాత్రల్నే. ఛందస్సు చదివినవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు, సంయుక్తాక్షరం ముందున్నది గురువు, సున్నతో కూడింది గురువు. పద్యపాదాన్ని గణవిభజన చేయగల తెలుగు విద్యార్థి ‘ఇప్పొన్’ అన్న మాటకు నాలుగు మాత్రలని వేళ్ల మీద లెక్కపెట్టగలడు. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడు అక్కడ రెండే తునకలు వింటాడు. ‘మవత్తె’ అంటే వెనక్కి తిరుగు అన్న ఆజ్ఞ. అందులో తావత్తును తేల్చేస్తే ఆజ్ఞకున్న బిగువు పోతుంది. ద్విత్వాన్ని పూర్తిగా పలకడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు, ఇంగ్లీషు ముసుగు వేసుకున్నప్పుడే దాన్ని మరిచిపోతాం.

సంధుల్లో కూడా చుట్టరికం కనపడుతుంది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో గసడదవాదేశం అందరూ చదివిందే. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. రెండో మాట మొదటి పరుషం మెత్తబడుతుంది. జపాన్‌లో దీన్ని ‘రెందకు’ అంటారు. క గ అవుతుంది, త ద అవుతుంది. కాలితో తన్నడం విడిగా ‘కెరి’, ముందుకు తన్నితే ‘మఎగెరి’. నిలబడే తీరు విడిగా ‘తచి’, గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడితే ‘కిబదచి’. పోటు విడిగా ‘ౘుకి’, ఎదురు చేత్తో పొడిస్తే ‘గ్యకుౙుకి’. జూడోలో చక్రం ‘కురుమ’, భుజాల మీద తిప్పి పడేసే పట్టు ‘కతగురుమ’. మన క్లాసుల్లో చాలామంది ‘గెరి’ అంటేనే తన్ను అనుకుంటారు. విడిగా ‘గెరి’ అంటే జపాన్‌లో విరేచనాలు. గసడదవాదేశం తెలిసిన తెలుగు పిల్లకు ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: కూరలో కలిసినప్పుడు గాయ, విడిగా ఉన్నప్పుడు కాయ.

జతలో చేసే సాధన పేర్లు వినండి. ఒక్క అడుగుది ‘ఇప్పొన్ కుమితె’, మూడడుగులది ‘సంబొన్ కుమితె’, ఐదడుగులది ‘గొహొన్ కుమితె’. ఇప్పొన్, సంబొన్, గొహొన్ మూడు వేరు మాటలని పిల్లలు బట్టీ పడతారు. మూడింటిలోనూ ఉన్నది ‘హొన్’ అన్న ఒకే లెక్కింపు మాట. ముందున్న అంకెను బట్టి దాని తొలి హల్లు మారుతుంది. ఇలాంటిది మనకు లేదా? పది అన్న ఒక్క మాట ముప్పదిలో ద్విత్వమైంది, నలువదిలో వకారమైంది, తొంబదిలో సున్న పక్కన చేరి బకారమైంది. సంబొన్‌లో జరిగిందీ అదే. ఒంట్లు నేర్చుకున్న రోజుల్లోనే మనం ఈ సూత్రాన్ని నోటితో ఒప్పుకున్నాం.

సున్న మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జపాన్ పొల్లు నకారం పక్కనున్న హల్లును బట్టి గొంతు మార్చుకుంటుంది. పకార బకారాల ముందు మకారంలా, కకారం ముందు ఙకారంలా. సీనియర్ విద్యార్థిని పిలిచే మాటను ఇంగ్లీషులో కొందరు నకారంతో, కొందరు మకారంతో రాస్తారు, ఏది సరైనదని వాదించుకుంటారు. తెలుగులో ‘సెంపై’ అని రాస్తే వాదన లేదు. శంఖంలో ఒకలా, కంబళిలో ఇంకోలా, చెంతలో మరోలా పలికే ఆ చిన్న గుండ్రం గుర్తు ఇక్కడ కూడా తన పని తాను చేసుకుపోతుంది.

ఇన్ని పోలికలు కనపడితే రెండు భాషలూ తోబుట్టువులా అని అడగాలనిపిస్తుంది. అలా అనడానికి భాషాశాస్త్రంలో నిలిచిన ఆధారం లేదు. అయితే అక్షరమాలలో మాత్రం నిజమైన బంధుత్వం ఉంది. జపాన్ పిల్లలు వల్లించే వరస అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. ఈ వరస వాళ్లకు మన దేశపు సిద్ధం లిపిని చదివిన బౌద్ధ భిక్షువుల వల్ల అబ్బింది. కూకై అనే భిక్షువు చైనాలో ఆ లిపీ సంస్కృతమంత్రాలూ నేర్చుకుని 806లో జపాన్‌కు తిరిగి వెళ్లాడు. సకారం ఉన్నచోట మన చవర్గాన్ని, హకారం ఉన్నచోట పవర్గాన్ని పెట్టి చదివితే మన ఒత్తుల్లేని వర్ణమాల బయటపడుతుంది. ఇప్పటి హకారం ఒకప్పుడు పకారమేనని జపాన్ భాషాచరిత్ర చెబుతుంది కూడా. పంజాగుట్టలో నాగార్జున సర్కిల్ మీదుగా రోజూ వేలమంది వెళ్తుంటారు. ఆ పేరున్న ఆచార్యుణ్ణి మనం కృష్ణాతీరపు శ్రీపర్వతంతో కలిపి తలుచుకుంటాం. ఆయన్నే జపాన్‌లో ‘ర్యూజు’ అని పిలిచి, తమ బౌద్ధ శాఖలకు మూలపురుషుడిగా కొలుస్తారు. మాటలు అటు వెళ్లిన దారి ఒకటి ఎప్పుడో ఉండేది. ఇప్పుడు మాటలు ఇటు వస్తున్నాయి.

వాక్యం కట్టే తీరు కూడా దగ్గరే. క్లాసు మొదట్లో, చివర్లో పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని ‘సెన్సే ని రే’ అన్నప్పుడు తల వంచుతారు. ‘సెన్సే’ గురువు, ‘ని’ మన ‘కి’, ‘రే’ వందనం. గురువుగారికి వందనం. మాటకు మాట, అదే వరసలో. విభక్తి వెనక వస్తుంది, క్రియ చివర వస్తుంది. ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత అన్న సంప్రదాయమూ మనదీ వాళ్లదీ ఒకటే. ఫునకొశి ఇంటిపేరు, గిచిన్ సొంతపేరు. గౌరవ వాచకం పేరు తర్వాత వస్తుంది, మనం గారు అన్నట్టు. మనలో ఎవరూ తన పేరుకు తానే గారు తగిలించుకోరు. జపాన్‌లోనూ ఎవరూ తనను తాను సెన్సే అని చెప్పుకోరు. అది ఇతరుల నోట రావలసిన మాట. మన గోడపత్రికల్లో, విజిటింగ్ కార్డుల్లో ఆ మాట పేరుకు ముందు బిరుదులా చేరుతోంది. గారు అన్న మాట మర్యాద తెలిసిన మనకు ఈ మర్యాద చెప్పించుకోవలసిన పని లేదు.

అలాగే ‘ఒస్’ అన్న మాట. కొన్ని కరాటే శాఖల్లో అవునన్నా, అర్థమైందన్నా, నమస్కారమన్నా అదే మాట. క్లాసులో అది ముద్దుగా ఉంటుంది. కానీ జపాన్ వీధిలో ఒక పెద్దావిడకు ‘ఒస్’ అని పలకరింపు చెప్పకూడదు. అది కుర్రాళ్ల, క్రీడాకారుల జట్టుమాట. నేర్పేటప్పుడే ఈ హద్దు కూడా చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపాన్ భాష నేర్పించి అక్కడి కొలువులకు పంపే రోజులివి. ఇవాళ రంగు బెల్టు కట్టుకున్న పిల్ల రేపు ఒసాకా ఆసుపత్రిలో ఒక ముసలాయన్ను పలకరించవచ్చు.

పిడికిలి సరిగ్గా పడితే చాలదా, మాట ఎలా ఉంటేనేం అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల మాటను నేను తేలిగ్గా తీసుకోను. కరాటే ఒంటితో నేర్చే విద్యే. కానీ ఆ ఒంటిని నడిపేది ఊపిరి, ఊపిరిని నడిపేది క్లాసులో వినపడే లెక్క. ‘రొకు’, ‘శిచి’, ‘హచి’ అన్న అంకెలు ఆజ్ఞగా పలికేటప్పుడు రొక్, శిచ్, హచ్ అని తెగుతాయి. అడుగుతాడు అన్న మాట మన నోట అడ్గుతాడు అయినట్టే అక్కడ ఇ, ఉలు ఊపిరిలో కలిసిపోతాయి. మాట అలా తెగడంతోనే పిడికిలి ఆగాలి. దీర్ఘమైన ‘క్యూ’కు, ‘జూ’కు ఊపిరి కొంచెం నిలబడుతుంది. దీర్ఘం లేనిచోట సాగదీస్తే లయ జారుతుంది. ఆ విద్యను తీర్చిన పెద్దలు ఆ భాషలోనే ఊపిరి పీల్చారు. వాళ్ల కదలికలో వాళ్ల భాష లయ కొంత ఉందని నేను నమ్ముతాను.

రెండో సంగతి మర్యాద. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైంది. అక్కడివాళ్లు ‘నాటు నాటు’ పాడుకున్నారు. వాళ్ల భాషలో మన టుకారం లేదు, వాళ్ల మామూలు లిపిలో తకారానికి ఉకారం పెడితే ౘు అవుతుంది. అయినా మన మాటను పాడుచేయడం ఇష్టం లేక, తొకారం పక్కన చిన్న ఉకారం పెట్టి, నాకారం తర్వాత దీర్ఘం గీత గీసి, ‘నాతు’ అని మన పలుకుకు వీలైనంత దగ్గరగా రాసుకున్నారు. 2024 జనవరిలో తకరజుక నాటక బృందం ఆ కథను రంగస్థలం మీద ఆడింది. మన ఒక్క మాట కోసం వాళ్లు తమ లిపిని అంత సాగదీశారు. మనకు ఆ శ్రమ కూడా లేదు. మన లిపిలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

తెలుగువాడు జపాన్ మాటను శ్రద్ధగా నేర్చిన చరిత్ర కూడా ఉంది. జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య 1913లో బాపట్ల సభలో జపాన్ భాషలో ఉపన్యసించి ‘జపాన్ వెంకయ్య’ అనిపించుకున్నాడు. క్యాసెట్లు లేవు, కోచింగ్ సెంటర్లు లేవు, ఫోన్లో పలికి వినిపించే సదుపాయం లేదు. శ్రద్ధ ఒక్కటే ఉంది. ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఫోన్ ఉంది, కావాలంటే టోక్యో గొంతు క్షణంలో వినపడుతుంది. తార్నాక ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో జపాన్ భాషను డిగ్రీ చదువుగా చెబుతున్నారు. అడిగితే చెప్పేవాళ్లు నగరంలోనే ఉన్నారు.

కరాటే అన్న మాటను మార్చమని నేను అనడం లేదు. అది తెలుగు మాటైపోయింది. బస్సు, రోడ్డు, కుర్చీల పక్కన దానికీ చోటుంది. బోర్డు మీద కరాటే అనే ఉండనివ్వండి, జూడో అనే ఉండనివ్వండి. ఇంట్లో పిల్ల ‘కరాటే క్లాసుకు పోతున్నా’ అంటే దిద్దకండి. కానీ ఆ క్లాసు గడప దాటి లోపలికి వెళ్లాక వినపడే ఆజ్ఞలు, అంకెలు, కతల పేర్లు విద్యలో భాగం. వాటిని విద్యలాగే నేర్పాలి.

అమీర్‌పేట, పంజాగుట్ట మాస్టర్లకు నా విన్నపం ఒకటే. ఈసారి బెల్ట్ టెస్టుకు ఇచ్చే కాగితాన్ని తెలుగులో రాయించండి. హ్రస్వమైతే హ్రస్వం, దీర్ఘమైతే దీర్ఘం. ట కాక త, డ కాక ద, ష కాక శ. పోటుకు ౘుకి. ద్విత్వం ఉన్నచోట వత్తు, పొల్లున్నచోట సున్న. జపాన్ భాష తెలిసినవారిని ఒకసారి పిలిచి ఆ కాగితం చదివించి సరిచూసుకోండి. తెలుగు చదవడం రాని పిల్లలుంటే ఈ వంకతో అక్షరాలు నేర్పించమని వాళ్ల అమ్మానాన్నలకు చెప్పండి. అరపూటలో అయ్యే పని ఇది. ఖర్చు ఒక జిరాక్స్ కాగితం.